అనసూయ గారి పిలుపు పేర్ల పుస్తకం

రాజోలు బస్టాండు పక్కన ఉన్న మందుల దుకాణంలో నెలకోసారి బీపీ చూపించుకుంటాను. చేతికి చుట్టిన పట్టీ విప్పేటప్పుడు కొత్త గుడ్డ చింపినట్టు చిర్రుమని ఒక చప్పుడు వస్తుంది. దుకాణం అతను అంకె చెబుతూనే ఉంటాడు గాని, ఆ చప్పుడు విన్నాక నా మనసు నా అంకె దగ్గర ఆగదు. పోయినవాటి లెక్కలోకి వెళ్ళిపోతుంది. ఫారాలు నూట ఎనభై ఎనిమిది. వాటి వెనకాల ఉన్న మనుషులు నూట డెబ్బై ఒక్కరు. వాళ్ళలో డాక్టరు దగ్గరికి వెళ్ళవలసినవాళ్ళు నలభై ముగ్గురు. జబ్బు లేని మనిషి రోజుకొకటి చొప్పున ఆరు వారాలు మింగిన బిళ్ళలు నలభై రెండు. పడవ ఇంజనుకు తాడు లాగే కుడి చెయ్యి ఒకటి. ఇవన్నీ నా లెక్క తప్పడం వల్ల పోయినవి. పోయాయని నాకు తెలియజెప్పింది, పోయినవాటిని ఒక్కొక్కటిగా ఎలా వెతుక్కోవాలో నేర్పింది అనసూయ గారు.

ఆవిడ మీకెవరికీ తెలియదు. ఆరోగ్య శాఖలో నర్సమ్మగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా గోదావరి పాయల మధ్య ఊళ్ళలోనే గడిచింది. పొట్టి మనిషి. ఎండ ఉన్నా లేకపోయినా నల్ల గొడుగు, భుజాన రెక్సిన్ సంచి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నడక మాత్రం ఎంత వేగమంటే, వెనకాల వచ్చేవాళ్ళు ఆవిడ గొడుగును చూసుకుంటూ నడవవలసిందే. ఏ ఇంటికి వెళ్ళినా లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చోరు. గుమ్మంలో నిలబడి మాట్లాడతారు. కూర్చుంటే చుట్టమైపోతామని, చుట్టానికి ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరని ఆవిడ నమ్మకం.

నేను ఆవిడకు పరిచయమయ్యేనాటికి అంబాజీపేటలో ఒక కొబ్బరి యార్డులో లెక్క చూసేవాణ్ణి. ఇంటర్ తప్పాక మళ్ళీ చదవలేదు. కాయలు లెక్కపెట్టడం మా దగ్గర ఒక విద్య. చేతికి రెండు చొప్పున నాలుగు కాయలు ఒకేసారి విసిరితే అది ఒక పుంజీ. పాతిక పుంజీలు వంద. వ్యాపారి తరఫున లెక్కపెట్టేవాడికి ఒకటే భయం, ఒకే కాయ రెండుసార్లు లెక్కలో పడుతుందేమోనని. పదిహేనేళ్ళు ఆ భయంతోనే పనిచేశాను. ఖాళీ వేళల్లో ఫోనులో చూసి కంప్యూటరు లెక్కలు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య కాబట్టి, దానిమీద కాస్త గర్వం కూడా ఉండేది.

అప్పుడే మా వైపు ఒక పరిశోధన మొదలైంది. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం, కెన్యాలో ఒక కొండ జిల్లా, ఇక్కడ రాజోలు చుట్టుపక్కల ఆరు ఊళ్ళు. మూడు చోట్లవాళ్ళూ కలిసి చేసే పని. ఇంటింటికీ వెళ్ళి ముప్పై దాటిన వాళ్ళందరికీ బీపీ కొలిచి, అంకెలు అక్కడికక్కడే ట్యాబులో ఎక్కించాలి. అంకెలు సరిచూశాక ఎవరి లెక్క వాళ్ళ ఫోనుకు వాళ్ళ భాషలో మెసేజ్‌గా వెళుతుంది, ఎక్కువ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమని కూడా. ఆ మెసేజ్ చూసి ఎంతమంది డాక్టరు దగ్గరికి వెళతారన్నది తేల్చవలసిన ప్రశ్న. నూట ఎనభై దాటి ప్రమాదకరంగా ఉంటే తప్ప కొలిచినవాళ్ళు నోటితో ఏమీ చెప్పకూడదు. చెబితే మెసేజ్ ఎంత పనిచేసిందో తెలియదు. ఊళ్ళలో పని చూడడానికి అనసూయ గారిని పెట్టారు. వచ్చిన అంకెలు సరిచూడడానికి ఒక మనిషి కావాలంటే, యార్డులో నన్నెప్పుడో చూసిన ఆవిడ నా పేరు చెప్పారు.

కంప్యూటరు ముందు కూర్చునే ముందు నెల్లాళ్ళు తనతో తిరగాలన్నది ఆవిడ షరతు. మొదటి రోజు మొదటి ఇంట్లోనే ఇల్లాలు కాఫీ పట్టుకొచ్చింది. నేను చెయ్యి చాపబోతే అనసూయ గారు గ్లాసు వెనక్కి పంపించేశారు. కొలవవలసిన మనిషి కాఫీ తాగితే అరగంట ఆగాలని, మనం తాగుతుంటే మర్యాదకి వాళ్ళూ తాగుతారని, కాబట్టి కొలిచేదాకా ఎవరికీ కాఫీ లేదని చెప్పారు. "కొలవడం అయ్యేక రెండు గ్లాసులు ఇవ్వండి, ఒకటి బాకీ కింద," అన్నారు ఆవిడతో. మాటలు ఆపించి, కాళ్ళు నేలకు ఆనించి, చెయ్యి బల్లమీద పెట్టించి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారు. ఆ అయిదు నిమిషాలూ ఆవిడ గడియారం కేసే చూశారు. మూడుసార్లు కొలిచి ట్యాబులో ఎక్కించాక, గుమ్మం దిగబోతూ ఇంటావిడతో ఒక మాట అన్నారు. తరవాత ప్రతి ఇంటి దగ్గరా అదే మాట విన్నాను. "మీ లెక్క మీకు వస్తుందండి. రాకపోతే నన్నడగండి."

ట్యాబు కాక ఆవిడ సంచిలో ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. అట్టకి గోధుమరంగు కాగితం వేసి ఉండేది. ప్రతి ఇంటి తరవాతా అందులో ఒక గీత రాసుకునేవారు. పేరు, ఇంటిపేరు, అంకెలు, చివర ఇంకో గడి. ఆ గడిలో పిలుపు పేరు. 'రేవు నరసింహమూర్తి', 'తోట నరసింహమూర్తి', 'మేడమీద సత్యవతి', 'కుట్టుమిషను సత్యవతి'. ఫారంలో అలాంటి గడి లేదు. అన్నీ కంప్యూటరులోకి వెళుతుంటే మళ్ళీ ఈ రాత ఎందుకని అడిగాను. వయసు మళ్ళినవాళ్ళ అలవాటనుకుని నవ్వానని కూడా చెప్పాలి. ఆవిడ నా నవ్వు పట్టించుకోలేదు.

మా వైపు అంతర్వేది నరసింహస్వామి పేరు లేని ఇల్లు తక్కువ. దానికి తోడు పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆచారం. తాతకి నలుగురు కొడుకులుంటే నలుగురూ తమ పెద్దకొడుక్కి ఆయన పేరే పెడతారు. ఒకే వీధిలో, ఒకే ఇంటిపేరుతో, నలుగురు నరసింహమూర్తులు తయారవుతారు. పుట్టినరోజు తెలియని పాతకాలం వాళ్ళకి గుర్తింపు కార్డులో జనవరి ఒకటో తేదీ వేసేస్తారు. ఇదంతా నాకు తెలియనిది కాదు. నా పేరు మా తాత పేరే, మా పెదనాన్న కొడుకు పేరూ అదే. కాని కంప్యూటరు ముందు కూర్చున్నాక నేను ఊరి మనిషిని కాకుండా పోయాను. యార్డులో లెక్కలవాణ్ణయిపోయాను. పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే అయిన ఫారాలు వరసగా కనిపించేసరికి నాకు తోచింది ఒక్కటే. కాయ రెండుసార్లు పడింది.

అలాంటివి నూట ఎనభై ఎనిమిది ఏరాను. రెండు ఫారాలు ఒకే మనిషివైతే ఏం చెయ్యాలో కూడా నేనే రాసి పంపాను. బీపీ ఎక్కువ ఉన్న అంకె ఉంచాలి, తరవాత ఎక్కిన ఫోను నంబరు ఉంచాలి, మొదటి ఫారం తీసెయ్యాలి. యూరప్‌లో సర్వరు చూసే ఆయన పేరు ఎరిక్. నా జాబు చదివి ఎంతో మెచ్చుకున్నాడు. ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు మూడు చోట్లా లేరన్నాడు. నా నియమాన్ని కెన్యా లెక్కలకి కూడా వేశాడు. అతని జవాబు నేను అచ్చు తీయించి పెట్టుకున్నాను. ఇంటర్ తప్పినవాడి లెక్క రెండు ఖండాల్లో నడుస్తోందని ఆ వారమంతా నేల మీద నడవలేదు. అనసూయ గారికి చూపించలేదు. ఇది ఆవిడ పని కాదనుకున్నాను.

రెండు నెలలయ్యాక ఒక ఉదయం సఖినేటిపల్లి రేవులో తోట నరసింహమూర్తి భార్య అనసూయ గారిని ఆపింది. మీ మిషను చెప్పినప్పటినుంచి బిళ్ళలు వేసుకుంటున్నాడు, అప్పటినుంచి మనిషి తూలిపోతున్నాడు, మొన్న కొబ్బరి దింపు రోజున చెట్టు కింద కూలబడ్డాడు అని చెప్పింది. మెసేజ్ చూపిస్తే ఊళ్ళో మందుల దుకాణం అతను బిళ్ళలిచ్చాడట. అనసూయ గారు ఆ రేవులోనే పుస్తకం తీసి చూశారు. తోట నరసింహమూర్తికి నూట ఇరవై నాలుగు. రేవు నరసింహమూర్తికి నూట డెబ్బై ఎనిమిది. వీళ్ళిద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. బిళ్ళలు ఆపించి, తోట నరసింహమూర్తిని పెద్ద డాక్టరు దగ్గరికి పంపించి, అక్కణ్ణుంచి నేరుగా అతనికి అన్న వరసైన, పడవ నడిపే రేవు నరసింహమూర్తి ఇంటికి నడిచారు. అప్పటికి పదకొండు రోజుల క్రితమే అతనికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మెసేజ్ అతని ఫోనుకు రానే లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకు వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు. పుస్తకం తెరిచి రెండు గీతల మీద రెండు వేళ్ళు పెట్టి, వీళ్ళిద్దరూ నీ కంప్యూటరులో ఎక్కడున్నారో చూపించమన్నారు. వెతికితే ఒక్కడే ఉన్నాడు. తోట ఆయన ఫోను నంబరు, రేవు ఆయన బీపీ. నేను చేసినదంతా చెప్పాను. యార్డు అలవాటు సంగతి కూడా చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

"కాయ రెండుసార్లు పడితే వ్యాపారికి నష్టం. అది నువ్వు చూసుకున్నావు. మనిషి అసలు లెక్కలో పడకపోతే నష్టం ఎవరికి సూరిబాబూ?"

నేను పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చాను.

"నా వాటా కూడా ఉంది," అన్నారు ఆవిడ. "అతని అంకె నేను కళ్ళతో చూసేను. చెప్పకూడదన్నారని ఊరుకున్నాను. లెక్క మీకు వస్తుందని గుమ్మంలో చెప్పి మరీ వచ్చేను. లే, వెళ్దాం."

ఆ సాయంత్రమే రేవు నరసింహమూర్తి ఇంటికి వెళ్ళాం. దారంతా నేను మెసేజ్ తప్పు నంబరుకు ఎలా వెళ్ళిందో మనసులో వరస పెట్టుకుంటూ వెళ్ళాను. అక్కడ అనసూయ గారు నన్ను నోరెత్తనివ్వలేదు. మంచం మీద ఉన్న మనిషి కేసి చూసి, "తప్పు మాదండి. మీకు రావలసిన కబురు రాకుండా చేసింది మేమే," అన్నారు, అంతే. అతని భార్య గంగమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఓటరు లిస్టులో ఉన్నాడండీ మా ఆయన. రేషను కార్డులో ఉన్నాడు. మీదాంట్లోనే లేకుండా పోయేడా?" అంది. అప్పటికే కబురందుకుని వచ్చిన తోట నరసింహమూర్తి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. తరవాత అతను అన్నాడు, "మా ఇద్దరికీ గట్టు తగాదా పదేళ్ళయినా తెగలేదండీ. మీ మిషను మాత్రం అన్నయ్య బీపీ నా వాటాకి రాసేసింది." మంచం మీద మనిషి పెదవి ఒక పక్కకే నవ్వింది. గంగమ్మ నవ్వలేదు. అయినా వెళ్ళేటప్పుడు అనసూయ గారి గొడుగు తెచ్చి చేతికిచ్చింది.

మర్నాడు ఎరిక్‌కి నేను ఉత్తరం రాశాను. ఉద్యోగం పోతుందని తెలిసే రాశాను. నా ఇంగ్లీషు పెద్ద ఇంగ్లీషు కాదు. తప్పు ఏది, ఎక్కడ, ఎవరిది, ఎన్ని అన్న నాలుగు వాక్యాలు చాలన్నారు అనసూయ గారు. రెండు రోజుల్లో మూడు చోట్లవాళ్ళూ వీడియోలో కూర్చున్నారు. ఎరిక్ ముఖం పాలిపోయి ఉంది. ఒకే పేరు, ఒకే తేదీతో ఒకే ఊళ్ళో ఇద్దరు ఉండడం సాధ్యమేనా అని అడిగాడు. నేను జవాబు కూడగట్టుకునేలోపల కెన్యా నుంచి వంజీరు అనే నర్సు పెద్దగా నవ్వింది. మా నాయనమ్మ పేరు మా ఇంట్లో అయిదుగురికి ఉంది, అందులో నేనొకతెను, మీ నియమం వచ్చినప్పటినుంచి మా ఊళ్ళలో మనుషులెందుకు తగ్గిపోయారా అని చూస్తున్నాను అంది. అక్కడా తాతముత్తాతల పేర్లే పిల్లలకు పెడతారట. ఆమె మాటలు నేను తెలుగులో చెబితే అనసూయ గారు ఆమె కేసి చూసి, "ఆయ్, అయితే మనం చుట్టాలమే," అన్నారు. అది నేను ఇంగ్లీషులో చెప్పాక ఆమె చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. ఎరిక్ మంచివాడు. నియమాన్ని ఆ రోజే ఎత్తేశాడు. నా ఉద్యోగం తీసెయ్యలేదు. తప్పు చెప్పినవాణ్ణి తీసేస్తే రేపు తప్పు ఎవరు చెబుతారన్నాడు.

తీసేసిన ఫారాలు నూట ఎనభై ఎనిమిదీ తిరిగి తెప్పించి, పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాం. నిజంగా రెండుసార్లు ఎక్కినవి పదిహేడే. మిగిలిన నూట డెబ్బై ఒకటీ మనుషులు. వాళ్ళకు మెసేజ్ రాలేదు, వాళ్ళలో బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళ అంకెలు వేరేవాళ్ళ ఫోన్లకు వెళ్ళాయి. వెళ్ళినచోట చాలామంది చదవలేదు. చదివి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు, ఏమీ లేదనిపించుకుని తిరిగి వచ్చేశారు. ఇప్పుడు సరైన నంబర్లకు మెసేజ్ పంపేస్తే సరిపోతుందని ఎరిక్ అన్నాడు. అనసూయ గారు ఒప్పుకోలేదు. నా చేత చెప్పించిన మాట నాకింకా గుర్తుంది. "మెసేజ్ వెళ్ళేది ఫోనుకి. మనం మాట ఇచ్చింది గుమ్మంలో."

బీపీ ఎక్కువ ఉన్న నలభై ముగ్గురి ఇళ్ళకీ ముందు తిరిగాం. పన్నెండు రోజులు పట్టింది. రేవు నరసింహమూర్తి కాక మిగిలినవాళ్ళలో నలభై ఒక్కర్ని దగ్గరుండి డాక్టరుకు చూపించాం. ఒక ఇంటి దగ్గర మాత్రం ఆలస్యమైంది. దిండి దగ్గర సీతారత్నం గారు మేం వెళ్ళడానికి తొమ్మిది రోజుల ముందు పోయారు. ఎందుకు పోయారో ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు. నిద్రలో పోయిందండీ, అదృష్టవంతురాలు అన్నాడు కొడుకు. అనసూయ గారు ఉన్నది ఉన్నట్టు అతనికి చెప్పేశారు. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పుస్తకంలో ఆవిడ పేరు ఎదురుగా చెప్పినట్టు గుర్తు పెట్టబోయాను. అనసూయ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. కొడుకుతో చెప్పాం గాని ఆవిడతో చెప్పలేదు కదా అన్నారు. ఆ గడి ఖాళీగానే ఉంది.

ఆ తరవాత మిగిలిన నూట ఇరవై ఎనిమిది మంది. వీళ్ళ బీపీలో ఏ తేడా లేదు. పరిశోధన గడువు దగ్గర పడుతోంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఇళ్ళకు మళ్ళీ తిరగడం ఎందుకని పైనుంచి మర్యాదగానే అడిగారు. నాకూ అదే సందేహం. పడవలో ఆవిడని అడిగాను. గోదావరి కేసి చూస్తూ చెప్పారు. మిషను పెట్టి కొలిచి వెళ్ళిపోయాక కబురు రాకపోతే మనుషులు ఏమనుకుంటారో తెలుసా, ఏదో ఉండి ఉంటుంది, అందుకే చెప్పడంలేదు అనుకుంటారట. ఆ మాట ఎంత నిజమో తరవాత ఇళ్ళకు వెళ్ళినప్పుడు తెలిసింది. కుట్టుమిషను సత్యవతి గారు ఆర్నెల్లుగా ఉప్పు మానేసి, మనవరాలిని ఎత్తుకోవడం కూడా మానేశారు, ఎక్కడ పడిపోతానోనని. మీకేమీ లేదండీ అని చెబితే ఏడ్చారు. "బాగున్నారని చెప్పడం కూడా బాకీయే," అన్నారు అనసూయ గారు బయటికి వచ్చాక.

గడువు ముగిసింది. మూడు చోట్లవాళ్ళూ కలిసి వ్యాసం రాశారు. అందులో మా తప్పు గురించి ఒక పేరా ఉండాలని వంజీరు, అనసూయ గారు పట్టుబట్టారు. ఉంది. తరవాత మొదలుపెట్టిన పనిలో రెండు చోట్లా ఫారంలో ఒక గడి పెరిగింది. మనకి పిలుపు పేరు, కెన్యావాళ్ళకి ఎవరి బిడ్డ అన్నది. ఆ గడి లేకుండా ఇప్పుడు నేను ఏ ఫారమూ ముట్టుకోను. కొత్తగా చేరినవాళ్ళకి అంకెలు నేర్పే ముందు నెల్లాళ్ళు ఊళ్ళలో తిప్పుతున్నాను. కంప్యూటరు ఇద్దర్ని ఒకరని చెప్పినప్పుడు వీధిలోకి వెళ్ళి అడిగి రమ్మంటాను. చాలాసార్లు ఇద్దరే అవుతారు. లెక్క ఎక్కువైపోతుందన్న భయం నాలో చాలావరకు పోయింది. తగ్గుతుందేమోనన్న భయం ఆ చోట్లోకి వచ్చింది. అది మంచి భయం. దాంతో పని చెయ్యగలుగుతున్నాను.

పరిశోధన అయిపోయినా ఆవిడ తిరగడం ఆపలేదు. షేరు ఆటోలో, పడవలో, ఒక్కొక్కసారి రామచంద్రపురం దాకా బస్సులో వెళ్ళి, కూతురి దగ్గరున్న ముసలాయన్ని వెతికి చెప్పి వచ్చారు. రెండేళ్ళ క్రితం ఆవిడ కాలం చేశారు. అప్పటికి నూట యాభై ఇద్దరికి చెప్పడం అయింది. మంచాన పడ్డాక నన్ను పిలిచి పుస్తకం ఇచ్చారు. నేనేదో మాట ఇవ్వబోతే వద్దన్నారు. నాకు ఇవ్వకు, వాళ్ళకి ఇచ్చినదే ఉంది కదా అన్నారు.

ఈ రెండేళ్ళలో నేను ఎనిమిది మందిని వెతికి చెప్పాను. ఇద్దరు కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు దొరికారు. ఒకాయన ఒడిశా తీరంలో చేపల వేటకు వెళ్ళి మూడేళ్ళకి తిరిగి వచ్చాడు. ఒకావిడ నగరంలో కోడలి పుట్టింట్లో కనిపించింది. ప్రతిచోటా గుమ్మంలో నిలబడే చెప్పాను. ఇంకా ఏడుగురు ఎక్కడున్నారో వెతుకుతున్నాను. సీతారత్నం గారితో కలిపి నలుగురు మేం చెప్పేలోపలే పోయారు. ఆ నలుగుర్ని కొట్టెయ్యడం ఆవిడ పద్ధతి కాదు, కాబట్టి నా పద్ధతీ కాదు. ఏడూ నాలుగూ, ఈ రోజుకి ఇంకా పదకొండు.